యంత్రములకు పనులు పంచుట: వేగము, న్యాయము



పది పనులున్నవి. నాలుగు యంత్రములున్నవి. యంత్రములన్నియు ఒకే జాతివి కావు. కొన్ని వేగము గలవి, కొన్ని మందమైనవి. ఒకటి లెక్కలలో దిట్ట, మరియొకటి బొమ్మలలో దిట్ట. ఏ పనిని ఏ యంత్రమునకు, ఏ వరుసలో అప్పగింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకు విద్యకు కంప్యూటరు శాస్త్రములో షెడ్యూలింగు అని పేరు. మనము దీనిని పనుల పంపకమని చెప్పుకొనవచ్చును.

ఈ పంపకమును రెండు గీటురాళ్లపై గీచి చూడవలెను. పనులన్నియు ఎంత త్వరగా ముగిసినవి అనునది మొదటిది. పని తెచ్చిన ప్రతివానికిని తన వంతు దక్కినదా అనునది రెండవది. మొదటిది వేగము, రెండవది న్యాయము. వేగమున్నచోట న్యాయము తనంతట తానే వచ్చునని చాలమంది యనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. అది పొరపాటని మన పాఠశాలలోని కంప్యూటరు గదియే నాకు నేర్పినది.

1. మన గదిలో జరిగిన పొరపాటు

మన గదిలో ఎనిమిది కంప్యూటర్లు కలవు. వానిలో మూడు క్రొత్తవి, అయిదు పాతవి. క్రొత్తవాని వేగము చూచి, ఏ పనియైనను వానిమీదనే చేయవలెనని నేను చెప్పితిని. పరీక్షలు దగ్గరపడుచున్నవి గనుక పదవ తరగతికి మొదటి వంతు, పిదప తొమ్మిదవ తరగతికి, ఆ పిదప ఎనిమిదవ తరగతికి అని వరుస యేర్పరచితిని. పని చురుకుగా సాగుచున్నట్లే కనబడెను. ఆ మూడు యంత్రములు ఒక్క నిమిషమైనను ఊరకుండలేదు.

అర్ధసంవత్సరము ముగిసిన పిమ్మట వంతుల పుస్తకమును తిరుగవేసి చూచితిని. ఆరవ తరగతికి ఒక్క వంతును దక్కలేదు. ప్రతి వారమును వారి పేరు వ్రాయుట, పై తరగతి పని మిగిలియుండుటచే కొట్టివేయుట, ప్రక్కన “వచ్చే వారము” అని వ్రాయుట. పుటలన్నియు ఇట్లే యున్నవి. ఆ పిల్లలు కోరినదేమి? తమ పేరును, తమ ఊరి పేరును తెలుగు లిపిలో టైపు చేయవలెనని. ఆ పని పాత యంత్రముమీద నిక్షేపముగా జరిగియుండెడిది. ఆ పాత యంత్రములైదును గుడ్డలు కప్పుకొని గోడ ప్రక్కన కూర్చుండియున్నవి.

నా పంపకములో న్యాయము లేదన్నది స్పష్టమే. వేగమును లేదని అప్పుడు తెలిసినది. అయిదు యంత్రములు పనిలేక యుండగా పిల్లలు వేచియుండుట వేగమెట్లగును? ఈ రెండు లోపములకును మూలమేమో వెదకుచు పోగా ఈ పాఠము తయారైనది.

2. భిన్నజాతి యంత్రములు

ఒకే వేగము గల యంత్రములకు పని పంచుట కొంత సులువు. రొనాల్డ్ గ్రాహమ్ అను గణితశాస్త్రజ్ఞుడు 1966లో ఒక మంచి సంగతి చూపెను. యంత్రములన్నియు సమానములైనప్పుడు, పని యుండగా ఏ యంత్రమును ఖాళీగా ఉంచకుండుట యొక్కటే నియమముగా పెట్టుకొన్నను, పట్టు కాలము అత్యుత్తమమైన పంపకపు కాలమునకు రెండింతలు మించదు. అనగా సోమరితనము లేకుండిన సగము మేలు అప్పుడే సిద్ధించినట్లు.

అయితే నేటి యంత్రములు సమానములు కావు. మీ తల్లిదండ్రుల చేతిలోని ఫోనును చూడుడు. దానిలో పెద్ద ప్రాసెసర్లును, చిన్న ప్రాసెసర్లును కలిసి పని చేయుచుండును. 2011లో ఆర్మ్ అను సంస్థ ప్రకటించిన ఏర్పాటిది. ఆటలు, చలనచిత్రములు వంటి భారమైన పని పెద్దవానికిని, సందేశములు కనిపెట్టియుండుట వంటి తేలిక పని చిన్నవానికిని పోవును. చిన్నవి తక్కువ విద్యుత్తు త్రాగును గనుక బ్యాటరీ నిలుచును. ఇవి గాక గ్రాఫిక్సు ప్రాసెసరు అనునది వేరొకటి కలదు. ఒకే విధమైన లెక్కను వేలకొలది అంకెలమీద ఒక్కమారుగా చేయుటలో దానికి సాటి లేదు. కాని “ఇట్లయినచో ఇది, అట్లయినచో అది” అని అడుగడుగునకు ఆలోచింపవలసిన పనిలో అది తడబడును.

మన రాష్ట్రములోనే పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థయందు 2024లో ‘అర్క’ అను మహాకంప్యూటరు ప్రారంభమైనది. దాని శక్తి 11.77 పెటాఫ్లాపులు. ఒక పెటాఫ్లాపు అనగా సెకనునకు 1 ప్రక్కన 15 సున్నలు పెట్టినన్ని లెక్కలు. వర్షసూచన రేపటి ఉదయమునకు కావలెనన్నచో ఆ లెక్క ఈ రాత్రియే ముగియవలెను. ఎల్లుండి అందిన రేపటి వర్షసూచన యెవరికి కావలెను? కనుక ఎంత గొప్ప యంత్రమైనను, పనులను పంచునది సరిగా లేనిచో దాని గొప్పతనము గదికే పరిమితము.

3. ఒక చిన్న లెక్క

ఒక క్రొత్త యంత్రము, ఒక పాత యంత్రము ఉన్నవనుకొనుడు. మూడు పనులు వచ్చినవి.

బొమ్మలు దిద్దుట: క్రొత్తదానిపై 2 నిమిషములు, పాతదానిపై 12 నిమిషములు.
వ్యాసమును సరిచూచుట: క్రొత్తదానిపై 4, పాతదానిపై 5.
మార్కుల పట్టిక కట్టుట: క్రొత్తదానిపై 3, పాతదానిపై 4.

ఏ పని చూచినను క్రొత్త యంత్రమే వేగము గలది. కనుక మూడును దానికే యిచ్చితిమనుకొనుడు: 2, 4, 3 కలిసి 9 నిమిషములు. నేను చేసిన పని యిదియే. ఇది బాగులేదని, కన్ను మూసికొని బొమ్మలను పాతదానికిని, తక్కిన రెంటిని క్రొత్తదానికిని ఇచ్చితిమా, క్రొత్తది 7 నిమిషములకు ముగించును గాని పాతది 12 నిమిషములు లాగును. మొత్తము ముగియుటకు 12. ఇది మరియు చెడ్డది. ఇప్పుడు వ్యాసమును పాతదానికిని, బొమ్మలను పట్టికను క్రొత్తదానికిని ఇచ్చి చూడుడు. క్రొత్తదానిపై 2, 3 కలిసి 5 నిమిషములు. పాతదానిపైనను 5 నిమిషములే. రెండును ఒక్కమారే ముగియును.

ఇందలి కీలకమేమి? పాత యంత్రము క్రొత్తదానికన్న ఎంత వెనుకబడినదని మాత్రము అడుగరాదు. ఏ పనిలో తక్కువ వెనుకబడినదని అడుగవలెను. బొమ్మలలో అది ఆరింతల మందము. వ్యాసములో పావువంతు మాత్రమే మందము. కనుక వ్యాసము దానికి తగిన పని. డేవిడ్ రికార్డో అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1817లో దేశముల వర్తకమును గూర్చి ఇట్టి మాటయే చెప్పెను. వస్త్రము, ద్రాక్షసారాయము అను రెండు సరుకులలోను పోర్చుగల్ ఇంగ్లండునకు మిన్నయైనను, తన మిన్న యెక్కువగా గల సారాయమును చేసికొని, వస్త్రమును ఇంగ్లండునుండి తెచ్చుకొన్నచో ఇద్దరికిని లాభమే. అన్నిటిలోను వెనుకబడినవాడు ఎందులకును కొరగానివాడు కాడన్నది ఆ సూత్రపు సారాంశము.

మూడు పనులను రెండు యంత్రములకు పంచు విధములు 8 మాత్రమే. అన్నిటిని పరీక్షించి చూడవచ్చును. ఇరువది పనులు, పది యంత్రములు అయినచో విధములు 1 ప్రక్కన 20 సున్నలు. సెకనునకు నూరు కోట్ల విధములను పరీక్షించినను మూడువేల యేండ్లు దాటును. అందుచే శాస్త్రజ్ఞులు అత్యుత్తమమునకై పట్టుపట్టక, మంచి పంపకమును శీఘ్రముగా ఇచ్చు నియమములను వెదకిరి. అన్నిటికన్న ముందుగా ముగియగల పనిని ముందు పంపుట ఒక నియమము. భారమైన పనులను ముందు కుదిర్చి, మిగిలిన సందులలో తేలికవానిని పెట్టుట మరియొకటి. బండికి బస్తాలెత్తువారు పెద్ద బస్తాలను ముందు పేర్చి, చిన్న మూటలను సందులలో దూర్చుట మీరు చూచినదే. పాతక్రొత్త యంత్రములు కలిసియున్నచోట సైతము అత్యుత్తమ కాలమునకు రెండింతలు మించని పంపకమును తప్పక కనుగొను మార్గమును 1990లో లెన్‌స్ట్రా, ష్మాయిస్, టార్డోస్ అను ముగ్గురు ప్రకటించిరి.

4. మన విద్యుత్కేంద్రము చెప్పు పాఠము

ఈ విద్య కంప్యూటర్లతోనే పుట్టినది కాదు. మన ఊర్జానగర్ వెలసినదే ఒక పంపకపు విద్య చుట్టును. చంద్రపూర్ మహా ఉష్ణ విద్యుత్కేంద్రమునందు మొదటి యూనిటు 1983లో పని నారంభించినది. తొలినాటి నాలుగు యూనిట్లు ఒక్కొక్కటి 210 మెగావాట్లవి. 1990ల దశాబ్దమునుండి వచ్చినవి 500 మెగావాట్లవి. వానిలో ఎనిమిదవది, తొమ్మిదవది 2016లో చేరినవి. మొదటి రెండు యూనిట్లు విరమించిన పిదప కేంద్రపు సామర్థ్యము 2920 మెగావాట్లుగా లెక్కింపబడినది. అనగా ఒకే ఆవరణములో రెండు జాతుల యంత్రములు, వేరువేరు వయస్సులవి, కలిసి పని చేసినవి.

ఏ యూనిటు ఎంత విద్యుత్తు నీయవలెనో రాష్ట్రపు లోడ్ డిస్పాచ్ కేంద్రము నిర్ణయించును. తక్కువ వ్యయముతో విద్యుత్తు నిచ్చుదానికి ముందు వంతు, ఎక్కువ వ్యయముదానికి వెనుక వంతు. దీనిని మెరిట్ ఆర్డరు అందురు. అయితే ఇందొక చిక్కు కలదు. బొగ్గు యూనిటును ఆర్పి వెలిగించుట ఇంటి దీపమును ఆర్పి వెలిగించుటవంటిది కాదు. చల్లారిన బాయిలరును తిరిగి కాకకు తెచ్చి టర్బైనును త్రిప్పుటకు గంటలకొలది కాలము పట్టును, నూనె ఖర్చగును. కనుక రాత్రి అక్కర తగ్గినను కొన్ని యూనిట్లను ఆర్పక, తగ్గించి నడుపుదురు. కంప్యూటర్లకును ఇట్టి ఖర్చు కలదు. ఒక పనిని ఒక యంత్రమునుండి మరియొకదానికి మార్చవలెనన్నచో దాని సమాచారమంతయు మోసికొనిపోవలెను. 2002లో టాప్చువోగ్లూ, హరీరీ, వూ అనువారు ప్రకటించిన ప్రసిద్ధమైన పద్ధతి ఈ మోతను గూడ లెక్కలో చేర్చినది. ఏ పని తరువాత ఎంత పని మిగిలియున్నదో లెక్కించి, ఎక్కువ తోక గలదానిని ముందు పంపుట, దానిని అందరికన్న ముందు ముగింపగల యంత్రమునకు ఇచ్చుట ఆ పద్ధతి.

ఇంతవరకు వేగము. ఇప్పుడొక ప్రశ్న. విద్యుత్తు చాలని నాడు కోత ఎవరికి పెట్టవలెను? ఒకే ఊరికి పది గంటలు కోత పెట్టినను, పది సమానమైన ఊళ్లకు గంట చొప్పున పెట్టినను ఆదా యొక్కటే. వేగపు లెక్కకు ఈ రెంటికిని భేదము కనబడదు. చీకటిలో పది గంటలు కూర్చున్న ఊరికి కనబడును. న్యాయము వేరు లెక్క యని ఇందువలన తెలియుచున్నది.

5. పంక్తిలో వలపక్షము

మన పెద్దలు విందులో వడ్డించువాడు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వేసినచో దానిని వలపక్షమనిరి. పంక్తిలో వలపక్షము కూడదనిరి. యంత్రముల వడ్డనకును ఇదియే ధర్మము. అయితే సమానముగా వడ్డించుట యనగా నేమి?

ఒక యంత్రపు శక్తి 12 పాళ్లనుకొనుడు. ముగ్గురు వచ్చిరి. ఒకనికి 2 పాళ్లు చాలును, రెండవవానికి 4 కావలెను, మూడవవానికి 10 కావలెను. తలకు 4 చొప్పున పంచినచో మొదటివాని విస్తరిలో 2 పాళ్లు వృథాగా మిగులును. కోరినవారికి కోరినంత ముందు ఇచ్చుచు పోయినచో, పదిపాళ్లవాడు ముందు వచ్చినప్పుడు తక్కినవారు పస్తు. సరియైన వడ్డన యిట్లు: అందరికిని సమముగా వడ్డించుచు పోవలెను. ఎవని ఆకలి తీరినదో వాడు చాలుననును. వాని మిగులును తక్కినవారికి మరల సమముగా వడ్డింపవలెను. ఇట్లు చేసినచో 2, 4, 6 వచ్చును. ఏమియు వృథా కాలేదు. తక్కువ కోరినవాడు లోపము లేక పొందెను. పెద్ద ఆకలివాడు తన సమభాగముకన్న ఎక్కువే పొందెను. కంప్యూటరు వలయములలో శక్తిని పంచుటకు ఈ పద్ధతినే వాడుదురు. ప్రాసెసరు, మెమొరీ అని సరుకులు రెండైనప్పుడు, ఎవడు ఏ సరుకును ప్రధానముగా కోరుచున్నాడో దానిలో వాని భాగమును చూచి సమము చేయు మార్గమును 2011లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు చూపిరి.

ఇక కాలపు వడ్డన. ఒక యంత్రమువద్దకు ఒక గంట పని యొకటి, రెండేసి నిమిషముల పనులు అయిదు వచ్చినవి. పెద్దదానిని ముందు చేసినచో చిన్నవి 60, 62, 64, 66, 68 నిమిషములు వేచియుండును. ఆరు పనులకు సగటున 53 నిమిషములకు పైగా నిరీక్షణము. చిన్నవానిని ముందు చేసినచో సగటు 5 నిమిషములే. పెద్దది వేచియుండునది 10 నిమిషములు మాత్రమే. కనుక చిన్నవానిని ముందు పంపుట మేలు.

మేలే. కాని చిన్న పనులు ఎడతెగక వచ్చుచుండినచో? పెద్ద పనికి వంతు ఎన్నటికిని రాదు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు దీనిని ఆకలిచావు అను అర్థమిచ్చు మాటతో పిలుతురు. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో 1973లో ఒక పాత ఐ.బి.ఎమ్. యంత్రమును నిలిపివేసినప్పుడు, 1967లో ఎవరో యిచ్చిన చిన్న ప్రాముఖ్యపు పని యొకటి ఆరేండ్లుగా వంతు రాక అందులోనే పడియున్నదని ఆ విద్యలోనివారు కథగా చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను, మన వంతుల పుస్తకములోని “వచ్చే వారము” మాత్రము నిజము.

దీనికి మందు సులువైనది. వేచియున్న కొలది పనికి వయస్సు పెరుగనిండు. వయస్సుతోబాటు ప్రాముఖ్యమును పెరుగనిండు. ఎంత చిన్నదైనను ఒకనాడు అందరికన్న పెద్దదియై ముందునకు వచ్చును. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టములో 2007 నుండి 2023 వరకు వాడుకలో నున్న షెడ్యూలరు ఇంచుమించు ఇట్టి పుస్తకమునే వ్రాసికొనెడిది. ప్రతి పనియు ఇంతవరకు ఎంత యంత్రకాలము తినినదో లెక్క యుంచి, తక్కువ తినినదానికి ముందు వంతు నిచ్చెడిది. దాని తరువాత వచ్చినదియు ఎవరికెంత బాకీ యున్నదో లెక్క చూచును. న్యాయమునకు దయ చాలదు, లెక్క కావలెను.

6. వరుసను తప్పింపదగిన పని

అయితే అన్నిటికిని వరుసయేనా? కాదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమునందు 2007 అక్టోబరునుండి సునామీ హెచ్చరిక కేంద్రము పని చేయుచున్నది. సముద్రగర్భమున భూకంపము వచ్చినప్పుడు నిమిషములలో హెచ్చరిక పోవలెను. ఆ పనికి తక్కినవన్నియు దారి యియ్యవలసినదే. అచ్చటివారు ఇంకొక తెలివి చూపిరి. భూకంపము వచ్చిన పిదప లెక్క మొదలుపెట్టినచో ఆలస్యమగునని, ఎచ్చట ఎంత భూకంపము వచ్చిన అల యెట్లు పోవునో వేలకొలది సందర్భములకు ముందుగనే లెక్కించి భద్రపరచిరి. అవసరమైననాడు సరిపోలుదానిని తీసిన చాలును. ఖాళీ కాలములో చేసిన పని ఆపత్కాలములో అక్కరకు వచ్చుట యనగా నిదియే. వరుస తప్పింపవలసినప్పుడు కారణము అందరికిని తెలిసియుండవలెను. అట్టి పనులు అరుదుగా నుండవలెను. ప్రతిదినమును అత్యవసరమనువాడు వలపక్షమునకు పేరు మార్చినవాడే.

7. ముగింపు

ఇప్పుడు మన గదిలో మూడు నియమములు వ్రాసి గోడకు అంటించితిమి. టైపు పని, పాఠము చదువుట పాత యంత్రములకు. బొమ్మలు, పెద్ద లెక్కలు క్రొత్తవానికి. ఏ తరగతి వంతు ఒకసారి తప్పినచో మరుసటిసారి ఆ తరగతికే మొదటి వంతు. వంతుల పుస్తకములో “వచ్చే వారము” అని వ్రాయరాదు, తేదీ వ్రాయవలెను. ఆరవ తరగతి పిల్లలు తమ పేర్లు టైపు చేసికొనిరి. పదవ తరగతివారి పనియు ఆలస్యము కాలేదు, ఏలయనగా క్రొత్త యంత్రములమీది భారము తగ్గినది.

నాయనలారా, అమ్మలారా! మనము సంఖ్యలో చిన్నవారము. పెద్ద వరుసకే ముందు వడ్డించు నియమమున్నచోట చిన్న వరుస ఎంత వేచియుండవలెనో మరాఠీ దేశమున తెలుగు చదువుకొనుచున్న మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అల్పసంఖ్యాకభాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని 1956లో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. అదియు వంతుల పుస్తకములో వ్రాసిన ఒక వంతే. వ్రాసిన వంతును అడుగుట మన పని. మనచేత గరిటె యున్ననాడు మనకన్న చిన్నవారిని మరువకుండుటయు మన పనియే. నేను మరచితిని; మీరు మరువకుడు.

అభ్యాసము

1. శక్తి 18 పాళ్లు. ముగ్గురు కోరినవి 3, 6, 12. వలపక్షము లేకుండ పంచుడు.
2. మూడవ భాగములోని లెక్కకు నాలుగవ పనిని చేర్చుడు: క్రొత్తదానిపై 2 నిమిషములు, పాతదానిపై 6. నాలుగు పనులును 8 నిమిషములలోపుగా ముగియు పంపకము కలదా?
3. మీ వీధి కుళాయివద్దనో, రేషను దుకాణమువద్దనో వరుసను ఒక దినము గమనింపుడు. ఎవరు ఎక్కువ వేచియున్నారో, ఏ నియమము మార్చినచో ఎవరికిని నష్టము లేక వారి నిరీక్షణము తగ్గునో పది పంక్తులలో వ్రాయుడు.